అది మనాది కాదట

"నరాలు మంచిగున్నయన్నరు. గుండెల ఏ రోగం లేదన్నరు. మల్ల హైదరాబాద్ ఎందుకక్కా? ఇంకేం చూపిస్తవు?"

గోవర్ధన్ గొంతు వరండా దాటి లోపలి అర్రలోకి వచ్చింది. అమ్మ నిద్రపోతున్నదనుకుని బయట వాళ్ళు మాట్లాడుకుంటున్నారు. అరుంధతమ్మ మంచం మీద కళ్ళు మూసుకునే ఉంది గానీ నిద్ర లేదు. ఒక్కొక్క మాటా వచ్చి చెవిలో పడుతోంది.

"అమ్మ పొద్దుగాల చేన్ల సోయి తప్పి పడ్డది గోవర్ధన్! గది కనబడతలేదా నీకు?" అది కూతురు కమల. మానుకోటలో బడి పంతులమ్మ. కబురు అందగానే పిల్లలను అత్తగారికి అప్పజెప్పి బస్సెక్కి వచ్చేసింది.

"పడ్డది. ఎందుకు పడ్డది? నీకెరుకే, నాకెరుకే, ఊరందరికెరుకే. మనాది! లోపల దాచుకున్న దుఃఖం! మనాదికి సూదులున్నయా, గోలీలున్నయా?"

పత్తి ఏరడానికి తండా నుంచి వచ్చిన చంద్రి ఇంకా వాకిట్లోనే నిలబడి ఉన్నట్టుంది. పొద్దున అరుంధతమ్మను చేతుల మీద ఎత్తుకొచ్చి బండిలో పడుకోబెట్టింది ఆమే. "దొరసాని ఒల్లు ముట్టుకుంటె సల్లగ మంచులెక్క ఉండె అయ్యా. ఉత్త మనాదికి ఒల్లు గట్ల సల్లబడతదా?" అంది నెమ్మదిగా.

"నువ్వు పో చంద్రీ. చేనుకాడ పని ఆగుతది" అన్నాడు గోవర్ధన్.

చంద్రి కాళ్ళ కడియాల చప్పుడు గేటు దాకా వెళ్ళి ఆగిపోయింది.

కమల గొంతు తగ్గించింది. "పోయిన నెల హైదరాబాదుల రంగు మందు ఎక్కించి తీసింది గుండె నరాల ఫోటో రా. నరం దొడ్డుగున్నదా, ఏడన్న మూసుకపోయిందా, గదే తెలుస్తదట అందుల. రక్తం ఎంత పారుతున్నదో ఫోటోల తెల్వదట. అక్కడి విద్యాసాగర్ డాక్టరు నాతోని చెప్పిండు, పారే రక్తాన్ని కొలిచే పరీక్ష ఇంకోటున్నదని. అమ్మను మల్ల తీసుకరమ్మన్నడు."

"కొలుస్తరు! మనాదిని తక్కెట్ల పెట్టి కొలుస్తరా?"

"బాపూ, నువ్వన్న చెప్పు వీనికి."

బాపు పేము కుర్చీ కిర్రుమంది. అరుంధతమ్మ చూడకుండానే చూసింది. ఆమె భర్త రఘునాథరావు లేచి కండువా భుజాన వేసుకుని, ఎవరి వైపూ చూడకుండా వాకిలి దాటి వెళ్ళిపోతున్నాడు. ఆమెకు నొప్పి వచ్చిన ప్రతిసారీ ఆయన చేసే పని అదే. పద్నాలుగేళ్ళుగా.

పదహారేళ్ళ కిందట అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో పెద్దకొడుకు వెంకట్రాం పోలీసుల కాల్పుల్లో పోయాడు. హనుమకొండలో డిగ్రీ చదువుతున్నాడు. మీసాలు అప్పుడప్పుడే నల్లబడుతున్నాయి. ఆదివారం ఇంటికి వస్తానన్నవాడు శుక్రవారం శవమై వచ్చాడు.

ఆ ఏడు వానాకాలంలో, నీళ్ళ బిందెతో మెట్లెక్కుతుంటే అరుంధతమ్మకు మొదటిసారి గుండెల్లో నొప్పి వచ్చింది. రొమ్ము మీద ఎవరో రోకలి అడ్డం పెట్టి అదిమినట్టు. బిందె దించి, గోడ పట్టుకుని, "వెంకట్రాం" అంది. ఇంట్లో వాళ్ళందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు.

ఆ తర్వాత రెండేళ్ళకు రఘునాథరావు సమితి ప్రెసిడెంటు అయ్యాడు. ఏ సర్కారు మీద కొడుకు కొట్లాడి పోయాడో ఆ సర్కారు పార్టీ గుర్తు మీదనే గెలిచాడు. ఇంటికి జీపులు రావడం మొదలైంది. వచ్చిన పెద్దమనుషులు గోడ మీది వెంకట్రాం పటం వైపు చూసి మాట మింగేవారు. ఒకనాడు అన్నం తింటూ రఘునాథరావు, "ఆ పేరు ఇంట్ల ఎత్తొద్దు ఇగ" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. మర్నాడు పటం పెట్టెలోకి పోయింది.

అప్పటి నుంచి ఆ ఇంట్లో వెంకట్రాం పేరు నొప్పి వచ్చినప్పుడు మాత్రమే వినిపించింది. ఆ ఒక్కసారి ఎవరూ ఆమెను ఆపలేదు. రొమ్ము పట్టుకుని ఆమె కూలబడితే కమల నీళ్ళు తెచ్చేది, పనివాళ్ళు గిన్నెలు చప్పుడు కాకుండా పెట్టేవారు, చిన్నవాడు గోవర్ధన్ పుస్తకం మూసి గడప మీద కూర్చునేవాడు. నొప్పి ఉన్నంతసేపూ వెంకట్రాం ఇంట్లో ఉండేవాడు. నిజం చెప్పాలంటే కొన్ని నాళ్ళు ఆ నొప్పి రాకపోతే ఆమెకు తోచేది కాదు. ఎదురుచూసేది.

ఇప్పుడు చిన్నకొడుకు, అది కొలిస్తే కనబడేది కాదంటున్నాడు.

అరుంధతమ్మ లేచి, తలుపు పట్టుకుని వరండాలోకి వచ్చింది. అక్కా తమ్ముడూ మాట ఆపేశారు.

"పోదాం పా బిడ్డా, హైదరాబాదుకు."

"అమ్మా, నువ్వు పండుకో..."

"కొలుస్తనన్నడు గద ఆ డాక్టరు? కొలువనియ్యి. నా కడుపుల ఎంత దుఃఖమున్నదో ఒక్కల కంటికన్న కనబడనియ్యి" అని గోవర్ధన్ ముఖంలోకి చూసింది.

గోవర్ధన్ తల తిప్పుకున్నాడు. బయటికి పోతూ కాలితో పీటను పక్కకు నెట్టాడు. అది గోడకు తగిలి బోర్లా పడింది.

*

ఆ గదిలో చలి ఎక్కువగా ఉంది. బల్ల సన్నగా, గట్టిగా ఉంది. పైన పెద్ద యంత్రమొకటి ఆమె రొమ్ముకు ఎదురుగా వంగి ఉంది.

"భయపడకుండ్రి అమ్మా. మొన్నటి లెక్కనే. కాని ఈసారి రంగు మందు కాదు" అన్నాడు విద్యాసాగర్ డాక్టరు. నలభై ఏళ్ళుంటాయేమో. మాటలో తొందర లేదు. "చేతి నరం నుంచి సన్నటి గొట్టం పంపుతం. గుండెకు పోయిన రక్తం తిరిగొచ్చే నరముంటది, అందులకు. దాని కొస నుంచి సల్లటి ఉప్పునీళ్ళు వదులుతం. రక్తం జోరుగ వస్తుంటె ఆ సల్లదనం కలిసిపోయి తెలువనే తెల్వది. రక్తం తక్కువ వస్తుంటె బాగ సల్లబడుతది. సల్లదనాన్ని బట్టి రక్తమెంతో లెక్క కడతం."

"గంతేనా?"

"ఇంకొకటున్నది. ఊకె పండుకున్నప్పుడు అందరి గుండె ఒక్కతీరుగనే ఉంటది. మీకు నడిచినప్పుడు, బరువెత్తినప్పుడు గద నొప్పి? ఈడ నడవరాదు. అందుకే కరెంటు పెట్టి మీ గుండెను కొద్దిసేపు ఉరికిస్తం. నొప్పి వస్తె చెప్పుండ్రి. వెంటనే ఆపుత."

చేతి దగ్గర సూది గుచ్చారు. తర్వాత ఏదో లోపల పాకుతున్నట్టు అనిపించింది, అంతే. పక్కన యంత్రం మీద కాగితం సన్నగా చప్పుడు చేస్తూ బయటికి వస్తోంది. నర్సు అంకెలు చదువుతోంది.

"ఇగ ఉరికిస్తున్న అమ్మా."

గుండె ఆమెది కానట్టు కొట్టుకోవడం మొదలుపెట్టింది. బల్ల మీద కదలకుండా పడుకున్న మనిషికి మెట్లెక్కుతున్న ఆయాసం వచ్చింది. ఇంకా పెంచారు. ఇంకా. అప్పుడు వచ్చింది. రోకలి అడ్డం పెట్టి అదిమిన అదే నొప్పి. అదే చోట. ఎడమ దవడ దాకా అదే గుంజుడు.

ఆమె కళ్ళు మూసుకుని కొడుకు కోసం చూసింది. ఎప్పుడూ నొప్పితో పాటే వచ్చేవాడు. పొడుగు చేతుల చొక్కా, చెదిరిన జుట్టు, "ఆకలైతుంది అమ్మా" అనే గొంతు. ఈసారి నొప్పి ఒక్కటే వచ్చింది. కళ్ళ వెనక దీపం వెలుతురు తప్ప ఏమీ లేదు.

"వెంకట్రాం" అని పిలిచింది.

"నొప్పి వచ్చిందా అమ్మా? వచ్చిందా? సరే, ఆపుండ్రి."

ఎవరో ఏదో తిప్పారు. గుండె నెమ్మదించింది. నొప్పి అంచుల నుంచి కరుగుతూ పోయింది. వచ్చిన దారినే, మర్యాదగా.

అరుంధతమ్మ కళ్ళు తెరిచి ఆ యంత్రం వైపు చూసింది. మీట తిప్పితే వచ్చింది. మళ్ళీ తిప్పితే పోయింది. ఆమె కళ్ళ నుంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి.

"అయిపోయిందమ్మా. ఇంక నొప్పి ఉండది" అంది నర్సు దూదితో తుడుస్తూ.

*

డాక్టరు గదిలో రఘునాథరావు కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. పెద్ద పెద్ద మంత్రుల ముందు కూడా కాలు మీద కాలేసుకుని కూర్చున్న మనిషి.

"రావుగారూ, ఉరికినప్పుడు గుండెకు రక్తం ఎక్కువ కావాలె. మంచి గుండె అయితె రెండింతల దాక తీసుకుంటది. ఈమె గుండె అంత ఉరికినా రక్తం కొద్దిగనే పెరిగింది. ఆకలిగున్నోనికి పిడికెడు అన్నం పెట్టినట్టు."

"మరి నరాలు మంచిగున్నయంటిరి?" కమల అడిగింది.

"పెద్దవి మంచిగున్నయి. ఫోటోల గవే కనబడతయి. వాటి నుంచి చీలి గుండె కండల లోపలికి పోయేటివి వెంట్రుకల్లెక్క సన్నగుంటయి. అవి ఫోటోల రావు. తెరుచుకోవాల్సినప్పుడు అవి తెరుచుకుంట లేవు. ఇన్నేండ్లు ఫోటో ఒక్కటే చూసినోళ్ళు ఇట్లాంటోళ్ళకు ఏం లేదని చెప్పి పంపిండ్రు. ఆడవాళ్ళనే ఎక్కువ పంపిండ్రు." ఆయన కొంచెం ఆగాడు. "దీనికి కోత అవసరం లేదు. గోలీలున్నయి. రోజూ వేసుకునేవి వేరే. నొప్పి వస్తె నాలుక కింద పెట్టుకునేవి వేరే. కాని తప్పకుండ వేసుకోవాలె. ఊకె వదిలేస్తె గుండె బలం తగ్గుతది. ఎప్పుడేమైతదో చెప్పలేం."

రఘునాథరావు గొంతు సవరించుకున్నాడు. "అంటె... ఇది మనాది కాదా?"

"కాదు. మనాది ఉంటె ఉండొచ్చు. ఈ నొప్పి మాత్రం మనాది కాదు."

"ఎన్నడూ కాదా?"

"ఎన్నడూ కాదు రావుగారూ. ఇది రోగం."

రఘునాథరావు కండువాతో ముఖం తుడుచుకున్నాడు. తుడిచిందే తుడుస్తూ చాలాసేపు కండువా ముఖం మీదనే ఉంచుకున్నాడు. కమల తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. ఆమె కళ్ళల్లోనూ నీళ్ళే. సంతోషపు నీళ్ళు.

అరుంధతమ్మ వైపు ఆ క్షణంలో ఎవరూ చూడలేదు.

సికింద్రాబాద్ నుంచి జనగామకు పాసింజరు బండిలో ముగ్గురికీ కిటికీ పక్కన చోటు దొరికింది. భువనగిరి గుట్ట వెనకబడ్డాక కమల కునుకు తీసింది. రఘునాథరావు రెండు మూడుసార్లు ఏదో అనబోయి ఆగాడు.

"వెంకట్రాం పటం పెట్టెల ఉన్నది గద" అన్నాడు చివరికి.

అరుంధతమ్మ తల తిప్పి చూసింది. పద్నాలుగేళ్ళుగా ఆ నోటి నుంచి ఆ పేరు రాలేదు. ఎంత తేలికగా వచ్చింది!

"తీసి గోడకు పెట్టు. పూలదండ తెప్పిస్త."

"ఇప్పుడెందుకు?"

"నీకు నొప్పి లేసినప్పుడల్ల..." ఆయన కిటికీ చువ్వలు పట్టుకున్నాడు. "నన్ను జూసే లేస్తున్నదనుకున్న. కొడుకును అమ్ముకోని కుర్చీ ఎక్కినవు అని నువ్వు నోటితోని అనలేదు. నీ గుండె అంటున్నదనుకున్న. అందుకే లేచి పోతుంటి. ఇయ్యాల ఆ డాక్టరు కాదన్నడు అరుంధతీ. పానం ఎంత తేలికైందో నీకు చెప్పలేను."

ఈయన భారం దిగింది. కమల భయం తీరింది. ఇంటికి పోతే గోవర్ధన్ ముఖం కూడా విచ్చుకుంటుంది. అందరికీ ఏదో ఒకటి ఇచ్చి, ఆమె దగ్గరున్న ఒక్కటీ తీసుకున్నారు.

"అవును. తేలికైంది" అంది. బయట ఎండిన చెల్క పొలాలు వెనక్కి పోతూ ఉన్నాయి.

*

గోలీలు పనిచేశాయి.

వారం తిరిగేసరికి అరుంధతమ్మ చేను దాకా నడిచి వెళ్ళింది. కొడకండ్ల దారి ఎత్తు మీద ప్రతిసారీ ఆగే చోట ఈసారి ఆగలేదు. అక్కడికి చేరాక గుర్తొచ్చి, కావాలనే నిలబడింది. రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని చూసింది. ఏమీ లేదు. గాలి వస్తోంది, పోతోంది.

"దొరసానీ, మంచిగైనవు!" అంది చంద్రి, పత్తి ఏరుతూనే నవ్వి.

"మంచిగైన" అంది ఆమె. అటు నుంచి ఇంకా వేగంగా నడిచింది. గట్టు ఎక్కి దిగింది. మళ్ళీ ఎక్కింది. నొప్పి కోసం వెతుక్కుంటున్నానని తనకే తెలిసి, సిగ్గుపడి ఆగిపోయింది.

పటం గోడ మీదికి వచ్చింది. బంతిపూల దండ పడింది. వచ్చినవాళ్ళు ఇప్పుడు మాట మింగడం లేదు. "పాపం, మంచి పిలగాడుండె" అని చాయ తాగి పోతున్నారు. వెంకట్రాం పేరు ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా అనవచ్చు. అయితే ఆ పేరు విని ఇప్పుడు ఎవరూ ఆగడం లేదు. గిన్నెలు మోగుతూనే ఉన్నాయి. రఘునాథరావు పేపరు చదువుతూనే ఉన్నాడు. గోవర్ధన్ బండి తుడుస్తూ ఈల వేస్తున్నాడు.

గోవర్ధన్ మారిపోయాడు. పొద్దున్నే గోలీ, నీళ్ళ గ్లాసు తానే తెచ్చి ఇస్తున్నాడు. "మింగినవా? ఏదీ, నోరు చూపియ్యి" అని చిన్నపిల్లను అడిగినట్టు అడుగుతున్నాడు. గూడూరు నుంచి వచ్చిన సంబంధం గురించి తల్లి పక్కన కూర్చుని చెప్పాడు. "నువ్వు వచ్చి చూడాలె. నువ్వు ఊ అంటెనే" అన్నాడు. ఆమె తల ఊపింది. ఏ ఊరన్నాడో కాసేపటికే మరిచిపోయింది.

ఒకనాడు గోలీని చెంపలో దాచి, అతను వెళ్ళాక పెరట్లో ఉమ్మేసింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడు భయం కూడా లేదు.

పాపమనిపించింది. అయినా ఆపలేదు.

మధ్యాహ్నం పెరట్లో మిరపకాయలు ఎండబోస్తుంటే వచ్చింది. గంప కింద పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుంది. రోకలి వచ్చి రొమ్ము మీద నిలిచింది. అదే చోట. ఆమె కళ్ళు మూసుకుంది. పొడుగు చేతుల చొక్కా. చెదిరిన జుట్టు.

"అమ్మా!"

గోవర్ధన్ పరుగెత్తుకొచ్చాడు. ఒక్క చూపులో అర్థమైంది. లోపలికి ఉరికి సీసా తెచ్చాడు. చిన్న గోలీ తీసి పెదవుల దగ్గర పెట్టాడు.

"నోరు తెరువు. నాలుక కింద పెట్టుకో."

ఆమె పెదవులు బిగించింది.

"తెరువమ్మా! రోజూ గోలీలు మింగుతున్నవు గద, మల్ల ఎందుకు లేసింది?"

ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. కొడుకు ముఖం పాలిపోయింది. "మింగలేదా? ఉమ్మేసినవా?"

"వాడచ్చిండు రా" అంది ఆమె, పళ్ళ సందు నుంచి. "ఎన్ని దినాలకో వచ్చిండు. జరసేపు ఉండనియ్యి."

"ఎవ్వలు రాలేదమ్మా! రక్తం తక్కువైంది, గంతే! డాక్టరు కొలిచి మరీ చెప్పిండు గద!"

"గోలీ పెడితె పోతడు."

గోవర్ధన్ చేతిలో గోలీతో అలాగే మట్టిలో కూలబడ్డాడు. ఇరవై ఏడేళ్ళ మగవాడు, ఊళ్ళో పదిమందికి పంచాయతీ చెప్పేవాడు, ముక్కు చీదుకుంటూ ఏడవడం మొదలుపెట్టాడు.

"నీకు నొప్పి లేసినప్పుడల్ల గడప మీద కూసుంటుంటి నేను. యాదికున్నదా? ఇటు చూస్తవేమో, నన్ను పిలుస్తవేమో అని కూసుంటుంటి. అన్ననే పిలిచినవు. ఒక్కనాడన్న నా పేరు రాలేదు నీ నోట్లకెల్లి. మనాది అని నేనెందుకు ఒర్లిననో తెలుసా? మనాదైతె దాంట్ల నాకు జాగ లేదు. రోగమని తెలిసిననాడు పండుగ చేసుకున్న. ఇగ మా అమ్మ నాకు దొరుకుతదనుకున్న."

నొప్పి భుజం దాటి చేతిలోకి దిగుతోంది. ఇంతకు ముందెన్నడూ అక్కడి దాకా రాలేదు. ఆమె కళ్ళు తెరిచింది. ఎదురుగా కొడుకు. చెవి పక్కన అప్పుడే ఒక తెల్ల వెంట్రుక. అది ఎప్పుడు వచ్చిందో ఆమెకు తెలియదు.

"అన్న పంతొమ్మిదేండ్లకు పోయిండు. నేను వాని కంటె ఎంత పెద్దగైననో నువ్వు ఎన్నడన్న చూసినవా అమ్మా?"

అతని అరచేతిలో చెమటకు గోలీ మెత్తబడుతోంది. చెయ్యి మళ్ళీ ఆమె నోటి దగ్గరికి వచ్చి ఆగింది. ఈసారి అతను ఏమీ అడగలేదు.

అరుంధతమ్మ పెదవులు కదిలాయి. ఏ పేరు పలకడానికో అతనికి తెలియలేదు. ఆమెకూ తెలియలేదు.